వేలి కింది అంకెలు

సోమవారం పొద్దున సూపర్వైజరు చేతిలో ఒక ఉత్తరం పట్టుకుని స్కానింగు గదిలోకి వచ్చి, యంత్రాలన్నీ ఆపమన్నాడు. ఆయన నోట ఆపమనే మాట ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. మనిషికి రోజుకి రెండువేల పేజీలు పడాలని పొద్దున ఒకసారి, భోజనాల ముందు ఒకసారి, ఇళ్ళకి బయల్దేరేముందు ఒకసారి గుర్తుచేసే మనిషి. ఆయన వెనక అందరూ ఆయన్ని 'రెండువేలు' అనే పిలుచుకుంటారు. ఆరుగురు ఆపరేటర్లూ కాలి మీటల మీంచి పాదాలు తీసి ఆయన వంక చూశారు.

ఉత్తరం రాసింది కాలవల ఇంజినీరుగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి. వందేళ్ళ కిందటి వరదల నివేదికను ఆయన ఉమ్మడి భాండారంలో చదువుతున్నాడట. ఏడు విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు తమ పాత పుస్తకాలను పేజీ పేజీ ఫొటో తీసి, ఎక్కడివాళ్ళయినా ఇంట్లో కూర్చుని చదువుకునేలా ఒకచోట పోగేసి పెట్టిందే ఆ భాండారం. ఈ గదిలో పని అంతా దానికోసమే. ఆ నివేదికలో ఏ పేటలో నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో చెప్పే పట్టికలు పధ్నాలుగు ఉన్నాయి. పధ్నాలుగింటిలోనూ చివరి నిలువు వరుస మీద, సరిగ్గా ఎత్తు రాసి ఉండే చోట, ఎవరిదో బొటనవేలు ఉంది. "వేలికి తోలు తొడుగు, తొడుగుకి ఎర్రదారం కుట్లు. కుట్లు ఎన్నో కూడా చెప్పగలను, ఏడు. నీళ్ళ ఎత్తు మాత్రం చెప్పలేను" అని రాశాడు ఇంజినీరు. అసలు పుస్తకం చూపించమన్నాడు.

అసలు పుస్తకం లేదు. భాండారంలోకి ఎక్కిందన్న ధైర్యంతో దాన్ని పోయినేడాది పాతకాగితాల మిల్లుకి పంపేశారు. మిగిలిన ఆరు గ్రంథాలయాలకీ సూపర్వైజరు అప్పటికే రాస్తే, మీది భాండారంలో ఉంది కదా అని మాదీ తీసేశాం అని ఆరూ ఒకే జవాబిచ్చాయి.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందని ఊరికే అనలేదు" అన్నాడు ఆ ఆరుగురిలో పెద్దవాడైన బైండరు, ఎవరితోనూ కాకుండా.

"నువ్వు మాట్లాడకు" అన్నాడు సూపర్వైజరు. "ఆ పుస్తకం ఎక్కింది నీ నంబరు మీదే. నాలుగు."

అందరి తలలూ బైండరు వైపు తిరిగాయి. ఒక్క తల తిరగలేదు. కిటికీ పక్క యంత్రం దగ్గర కూర్చునే పదకొండో నంబరావిడ తన కుడిచేతి బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తన చెయ్యి తనకి తెలియకుండా చేసిన ఆ పని చూసుకుని ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరైనా చూశారేమోనని కళ్ళు మాత్రం అటూ ఇటూ తిప్పింది. ఎవరూ చూడలేదు.

గురువారం విచారణ అని చెప్పాడు సూపర్వైజరు. ఇంజినీరు కూడా వస్తాడు. బైండరు రిటైరు కావడానికి ఇంకా పది రోజులుంది. తప్పు రుజువైతే ఈలోపే పని నుంచి తీసేస్తారు. ముప్ఫై ఆరేళ్ళు పుస్తకాలకి కుట్లు వేసి, అట్టలు కట్టి, బైండింగు విభాగం మూతపడ్డాక ఈ యంత్రం ముందు కూర్చున్న మనిషి గుమ్మం దాటేది ఆ మాటతోనే.

యంత్రాలు మళ్ళీ మొదలయ్యాయి. పుస్తకాన్ని తెరిచి తొట్టిలో పడుకోబెట్టాలి. కాలితో మీట నొక్కితే రెండు అద్దం పలకలు వాలి రెండు పేజీలనీ అదుముతాయి, పైనున్న రెండు కెమెరాలు ఒకేసారి టక్కుమంటాయి, పలకలు లేస్తాయి. పేజీ తిప్పాలి. మీట, పలక, టక్కు, పేజీ. మూడేళ్ళుగా ఆమె చేతులు నిద్రలో కూడా చేసే పని అది. ఆ రోజు చేతులు మొరాయించాయి. పేజీ తిప్పి, తెర మీద వేలు పడలేదని చూసుకుని, నమ్మకం చాలక మళ్ళీ చూసుకుంది. ఖాళీ పేజీలను కూడా చూసుకుంది. ఖాళీ పేజీ కూడా పేజీయే, తియ్యాల్సిందే అన్నది సూపర్వైజరు నియమం. వాటిని తియ్యడమే గాని ఎవరూ చూడరు.

తోలు తొడుగు ఆమె సొరుగులో, కత్తెర పక్కన ఉంది. పనిలో చేరిన మొదటి వారం కాగితం అంచులకి వేలు కోసుకుపోతుంటే బైండరు బాబాయే తోలు ముక్క కోసి, ఆమె వేలికి కొలత చూసి కుట్టి ఇచ్చాడు. ఆ వారమే తన నంబరు కూడా ఇచ్చాడు. కొత్తవాళ్ళకి నంబరు రావడానికి పక్షం పడుతుంది, అందాకా ఊరికే కూర్చోబెడితే రెండువేలు ఊరుకోడు. "నా నాలుగు మీద కొట్టు, అమ్మాయ్" అన్నాడు. ఆ గదిలో కొత్తవాళ్ళందరూ ఎవరో ఒకరి నంబరు మీదే పని మొదలుపెట్టారు. అదొక తప్పని ఎవరికీ తోచలేదు.

భోజనాల వేళ గది ఖాళీ అయ్యాక ఆమె తొడుగు తీసి రుమాల్లో చుట్టి సంచీ అడుగున పెట్టింది. వెనక్కి తిరిగేసరికి బైండరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.

బాగానే ఉందంది. ఆయన ఇంకేదో అడుగుతాడనుకుంది. ఆయన తన డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆమె లెక్క పదకొండు వందల పేజీలే తేలింది.

మంగళవారం ఇంకా తగ్గింది. సూపర్వైజరు ఆమె వెనక వచ్చి నిలబడి, నెలాఖరుకి కాంట్రాక్టు కాగితాలు పైకి వెళ్తాయని మెల్లగా గుర్తుచేసి పోయాడు. బెదిరించినట్టు కూడా లేదు, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

ఆ సాయంత్రం ఆమె భర్తకి చెప్పేసింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. వచ్చీ రాగానే కిరసనాయిలు గుడ్డతో చేతుల జిడ్డు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఒకే వేలిని తుడుస్తూ కూర్చున్నాడు. వరదల నివేదిక తీసిన రోజు కుడి అద్దం పలక స్ప్రింగు సాగిపోయి పేజీ లేచిపోతుంటే వేలితో అదిమిపట్టానని, అలా పడిన ప్రతి పేజీలోనూ మళ్ళీ తియ్యాలని చీటీ పెట్టానని, భోజనం అయ్యాక తీద్దామనుకునేలోపు పాప బడిలో పడిందని కబురొస్తే పరిగెత్తానని చెప్పింది. మర్నాడు వచ్చి చూస్తే పుస్తకం బల్ల మీద లేదు. ఎవరో తీసే ఉంటారనుకుంది.

"అడగలేదా?" అన్నాడు.

"చేరి పదిరోజులు. అడిగితే పని రాదంటారని భయం."

పక్కగదిలో పాప ఎక్కాలు చదువుతోంది. ఆనాటి దెబ్బ గుర్తు గడ్డం కింద ఇప్పటికీ ఉంది. వాళ్ళిద్దరూ కాసేపు ఆ ఎక్కాలే విన్నారు.

"చూడు, ఆయన ఎలాగూ పోయే మనిషే. పదిరోజులు ముందూ వెనకా. నువ్వు ఇంకా ఉండాల్సిన దానివి" అన్నాడు. అని, తన మాట తనకే నచ్చనట్టు లేచి వెళ్ళి చేతులు మళ్ళీ కడుక్కున్నాడు. చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. భయం ఒకరికుంటే ఇంకొకరు ధైర్యం చెప్పొచ్చు. ఇద్దరికీ ఒకే భయమైతే ఆ ఇంట్లో ధైర్యం చెప్పడానికి మూడో మనిషి ఉండాలి.

ఆయన మాట పడుకున్నా వదల్లేదు, లేచినా వదల్లేదు. పోయే మనిషే. బుధవారం పొద్దున బస్సులో నిలబడి ఆ మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే ఆమెకి ఉన్నట్టుండి కోపం వచ్చింది. తన మీద తనకి. ఆ కోపం చల్లారేలోపే తేల్చుకోవాలని, సంచీ కూడా దించకుండా నేరుగా లైబ్రేరియన్ గారి గదికి వెళ్ళింది.

లైబ్రేరియన్ గారు మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు, కూర్చుంటే లేవలేనేమోనని. ఆ వేలు నాది సార్ అని మొదలుపెట్టి, చెప్పాల్సిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆయన చివరిదాకా విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ నంబరెంత?"

"పదకొండు సార్."

"ఆ పుస్తకం నాలుగు మీద ఉంది. ఆయన ఒప్పుకుంటూ నిన్న సంతకం పెట్టారు." కాగితం తిప్పి చూపించాడు. వంకర లేని పెద్ద అక్షరాల సంతకం. "ఒకరి నంబరు మీద ఇంకొకరు పనిచేశారని బయటికి తెలిసిందనుకోండి, మనం ఎక్కించిన ఏ పుస్తకాన్నీ మిగిలిన ఆరు గ్రంథాలయాలూ నమ్మవు. ఒక పుస్తకంతో పోయేదాన్ని పెద్దది చెయ్యకండి. వెళ్ళి పని చూసుకోండమ్మా."

బయటికి వచ్చాక ఆమెకి మొదట కలిగింది సంతోషం. కాళ్ళు తేలికపడ్డాయి. చెప్పాల్సింది చెప్పాను, వాళ్ళే వద్దన్నారు, ఇక నా తప్పేముంది? మెట్లు దిగుతూ నాలుగో మెట్టు దాకా ఆ సంతోషం ఉంది. అయిదో మెట్టు మీద ఆ వంకర లేని సంతకం గుర్తొచ్చి ఆగిపోయింది. సంతోషపడినందుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

బైండరు కింద పాత బైండింగు గదిలో ఉన్నాడు. తన సామాను సర్దుకుంటున్నాడు: తోలు కోసే కత్తి, మైనం ముద్ద, సూదుల డబ్బీ. ఒక్కో సూదినీ గుడ్డతో తుడిచి, వెలుతురుకి పట్టి చూసి పెడుతున్నాడు. చెయ్యనిదానికి సంతకం ఎందుకు పెట్టావు బాబాయ్ అని అడగాలని గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన ఏమంటాడోనని భయమేసింది. నీకోసమే అంటే ఆ మాట ఎలా మొయ్యాలి? అడగకుండానే తిరిగి వచ్చేసింది. మూడేళ్ళ కిందట పుస్తకం గురించి అడగని మనిషే ఇప్పుడు కూడా.

గురువారం ఆమెను విచారణకి పిలవరనుకుంది. పిలిచారు. పేజీలు తెర మీద చూపించడానికి చెయ్యి చురుకైన మనిషి కావాలన్నాడు సూపర్వైజరు.

పొడుగాటి బల్లకి అటు లైబ్రేరియన్ గారు, సూపర్వైజరు. ఇటు బైండరు, ఉతికిన చొక్కాలో, చేతులు బల్ల మీద పెట్టుకుని. కిటికీ వైపు ఇంజినీరు. సన్నటి మనిషి, ముందున్న నోటు పుస్తకం నిండా పేటల పేర్లు, పేర్లకెదురుగా ఖాళీలు. ఆమె గోడకున్న పెద్ద తెర పక్కన నిలబడి మొదటి పట్టిక తెరిచింది. పెద్దది చెయ్యమన్నారు. చేసింది. ఇంకా అన్నారు. ఆమె వేలు తెర మీద మనిషంత అయి నిలబడింది. గోధుమరంగు తోలు, ఏడు ఎర్రకుట్లు. ఆమె సంచీని పొట్టకి అదుముకుంది.

"ఇది మీ వేలేనా?" అని ఇంజినీరు బైండర్ని అడిగాడు.

"నా నంబరే సార్" అన్నాడు బైండరు.

"నేనడిగింది వేలు."

బైండరు చేతులు బల్ల మీద అలాగే ఉన్నాయి. ముప్ఫై ఆరేళ్ళు దబ్బనాలు గుచ్చిన చేతులు, సుత్తితో కొట్టినట్టు పరిచిన బొటనవేళ్ళు. తెర మీది తొడుగులో ఆ వేలు గోరు కూడా పట్టదు. ఆ సంగతి గదిలో ఉన్న అందరికీ కనబడుతూనే ఉంది. లైబ్రేరియన్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సూపర్వైజరు కాగితాలు సర్దుతున్నాడు. ఆయన ఒప్పుకున్నారు కదండీ, ఇక ముందుకి పోదామన్నాడు.

ఆమె సంచీలో చెయ్యి పెట్టింది. రుమాలు ముడి వెంటనే రాలేదు, పంటితో లాగింది. తొడుగు వేలికి ఎక్కించుకుని, ఆ వేలిని తెర మీది వేలి పక్కన పెట్టింది. ఈసారి దాన్ని దాచాలని చూడలేదు.

"నాదండి" అంది. "నా నంబరు అప్పటికి రాలేదు. ఆయన నంబరు మీద పక్షం రోజులు పనిచేశాను. ఇదొక్కటే కాదు, ఇలా నలభై ఒక్క పుస్తకాలున్నాయి. అన్నీ చూడాలి."

సూపర్వైజరు చేతిలో కాగితాలు ఆగాయి. లైబ్రేరియన్ గారు ఆమె పేరు పెట్టి పిలవబోయి మానుకున్నాడు. బయటి మనిషి ముందు ఇంకేం అనగలడు? ఆమెకి మాత్రం మొదట వినబడింది బైండరు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"కుట్టింది నేను" అన్నాడాయన, నిలబడి. "అది మొదటిరోజే గుర్తుపట్టాను. అయితే సంతకం ఈ పిల్లమీద జాలితో పెట్టింది కాదు సార్. ఆ రోజు మధ్యాహ్నం తీసిన పుస్తకాల కట్ట పంపెయ్యాలని సూపర్వైజరు గారు తొందరపెడితే, పుస్తకంలో ఉన్న చీటీలు తీసి పారేసింది నేనే. ఈ పిల్ల ఆ పేజీలు మళ్ళీ ఫొటో తీసేసిందనుకున్నాను. తీసిందో లేదో అడిగుంటే ఒక్క మాటతో పోయేది. మర్నాడు అనుమానం వచ్చింది. పోనీలే అని ఊరుకున్నాను."

ఆమె ఆయన వంక చూసింది. మూడేళ్ళు పక్కపక్క యంత్రాల దగ్గర కూర్చుని, ఒకే పుస్తకం గురించి ఇద్దరూ ఎవరి భయం వాళ్ళు దాచుకున్నారన్నమాట.

ఇంజినీరు నోటు పుస్తకం మూశాడు. "ఎవరి వేలైతేనేం నాకు. నెలరోజులుగా రోజూ ఈ వేలిని తిట్టుకున్నాను. ఇప్పుడు మనిషిని చూశాక తిట్టడానికి కూడా లేకుండా పోయింది" అన్నాడు అలసటగా. "పల్లపు పేటలో రెండంతస్తుల ఆస్పత్రి కడుతున్నారమ్మా. అక్కడ నీళ్ళు ఎంత లేచాయో చూపించమన్నారు. చూపించకపోతే వచ్చేనెల పునాది తీస్తారు. దీని కింద ఏముందో చెప్పగలవా?"

ఆమె చెప్పలేకపోయింది. పదిరోజుల కొత్తలో చదివి తీసిందా, పాడా? ఉద్యోగం పోతుందన్న భయం మూడు రోజులుగా మోస్తోంది. ఇది దానికన్నా పెద్దది. మంచాల మీద ఉన్న మనుషులు, పైకి లేస్తున్న నీళ్ళు ఆమె కళ్ళకి కట్టాయి.

బైండరు మాత్రం తెర దగ్గరికి వెళ్ళి, పేజీ అంచుని దగ్గర్నుంచి చూస్తున్నాడు. కాగితం చూడగానే ఆయనకి మిగిలినవి అక్కర్లేదు.

"ఇది ఉల్లిపొరంత పలచటి కాగితం. పట్టికలు ఒకవైపే అచ్చేశారు. వెనక పేజీ ఖాళీ" అన్నాడు. "అమ్మాయ్, ఖాళీ పేజీలు తీశావా?"

"అన్నీ తీశాను బాబాయ్. ఖాళీ కూడా పేజీయే కదా."

సూపర్వైజరు తలెత్తి చూశాడు.

ఎడమ పలక ఆ రోజు బాగానే ఉంది. ఎడమ పేజీ మీద వేలు పెట్టాల్సిన పని పడలేదు. ఆమె తరవాతి పేజీ తెరిచింది. తెల్లగా ఉంది. చదివేవాళ్ళ కోసం భాండారంలో పేజీలన్నీ శుభ్రం చేసి తెల్లగా చూపిస్తారు. అందుకే ఇంజినీరుకి నెలరోజుల్లో ఏమీ కనబడలేదు. ఆమె లోపల దాచిన అసలు ఫొటో తెరిచింది. పసుప్పచ్చటి కాగితం, ఎడమ అంచున ఏదో మరక. వెలుగు తగ్గించి, నలుపు పెంచి, అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పింది. చేతులు వాటంతట అవే పనిచేశాయి. మరక చీలి ఒకదాని కింద ఒకటిగా నిలబడింది. అంకెలు. అవతలివైపు నుంచి కాగితం ఒంట్లోకి ఇంకి వచ్చిన సిరా.

ఇంజినీరు కుర్చీ తోసుకుని లేచాడు. ఒక్కో పేరూ ఆయన చదువుతుంటే ఒక్కో అంకె ఆమె చదివింది. మూడు పట్టికలు ఎంత చేసినా తేలలేదు, అక్కడ సిరా పలచన. పదకొండు తేలాయి. పల్లపు పేట తొమ్మిదో పట్టికలో వచ్చింది.

"పంతొమ్మిది అడుగులు" అని చదివింది.

ఆయన రాసుకోలేదు. పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. "పై అంతస్తులో కూడా మంచాలు తడుస్తాయి" అన్నాడు కాసేపటికి. అప్పుడు రాసుకున్నాడు.

విచారణ అంటూ ఇక ఏమీ జరగలేదు. బైండరు సంతకం ఉన్న కాగితాన్ని లైబ్రేరియన్ గారు చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. నలభై ఒక్క పుస్తకాల జాబితా రేపటికి నా బల్లమీద ఉండాలన్నాడు ఆమెతో. కాంట్రాక్టు సంగతి నెలాఖరుకి చూద్దామన్నాడు. ఆ చూద్దాంలో ఏముందో ఆయన ముఖం చూసి ఎవరూ చెప్పలేరు.

శుక్రవారం పొద్దున యంత్రం నంబరు అడిగింది. ఆమె రెండు ఒకట్లు కొట్టి, కళ్ళు మూసుకుని మీట నొక్కింది. నొక్కాక కూడా కాసేపు తెరవలేదు. పక్కనుంచి బైండరు, "వచ్చిందిలే, చూడు" అన్నాడు. వచ్చింది. నెలాఖరు దాకా వస్తుంది, ఆ తరవాత సంగతి తరవాత. భయం ఎక్కడికీ పోలేదు. కాకపోతే పక్కన ఇంకో మనిషికి కూడా తెలిసిన భయం.

జాబితాలో నలభై ఒకటికి తొమ్మిదింటి కాగితం ఇంకా కిందిగదిలో ఉంది, మిల్లుకి పోలేదు. బైండరు వాటిని తోపుడుబండి మీద తెచ్చి వరసగా పేర్చాడు. ఆయనకి ఇంకా ఆరు రోజుల పనుంది. ఆ ఆరు రోజులూ పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమని కూడా అనలేదు.

మొదటి పుస్తకం తొట్టిలో పడుకోబెట్టి, తొడుగు వేలికి తగిలించుకుంది. మీట, పలక, టక్కు, పేజీ. ముప్ఫయ్యో పేజీలో ఒక చీటీ కనబడింది. అంచులు పచ్చబడిన చీటీ, తన చేతిరాతే: మళ్ళీ తియ్యాలి. తీసిందో లేదో గుర్తులేదు. ఆమె చెయ్యి చీటీ దాకా వెళ్ళి ఆగింది. గదిలో అయిదు యంత్రాలు చప్పుడు చేస్తున్నాయి, గుమ్మంలో రెండువేలు నిలబడి లెక్క చూసుకుంటున్నాడు.

"బాబాయ్, ఈ చీటీ తీసెయ్యొచ్చా?" అని అందరికీ వినబడేలా అడిగింది.

ఆయన తన యంత్రం ఆపి, లేచి వచ్చి, పేజీ మీదికి వంగాడు.